నాలుగోసారి పాలిష్

సూళ్లూరుపేటలో గిద్యోను ఇల్లు ఎక్కడని అడిగితే నలుగురిలో ముగ్గురు తెలియదంటారు. రాకెట్ గిద్యోను అంటే మాత్రం అందరూ చూపిస్తారు. ఆయన మా చిన్నమ్మ అబిగయీలు భర్త, నాకు చిన్నాయన. రాకెట్‌ను ఆయన ఏనాడూ దగ్గరగా చూసింది లేదు. ఊళ్ళో అందరిలాగే మేడెక్కి నిలబడి, మంట కనబడ్డాక చప్పుడు వచ్చేదాకా ఆగి, "పాయె" అని దిగి వచ్చేవాడు. పందొమ్మిదేళ్ళు ఆయన పనిచేసింది రైలు కట్టకు ఇవతల ఉన్న ఒక ప్రైవేటు పరీక్షశాలలో. లోహపు ముక్కలు ఎంత గట్టివో, ఎంత లాగితే తెగుతాయో చూసి కాగితం రాసిచ్చే చోటు అది.

"మీ ఆయన రాకెట్లో పనిచేస్తాడంట గదా?" అని ప్రార్థన మందిరంలో ఎవరైనా అడిగితే చిన్నమ్మ నవ్వేది. "రాకెట్లో కాదక్కా. రాకెట్లో పెట్టే ముక్కకి మొగం తుడస్తాడు."

ఆ మాట నిజానికి చాలా దగ్గర. చిన్నాయన పని పాలిష్ పట్టడం.

ఆయన తండ్రి పులికాట్ సరస్సులో వల వేసి బతికాడు. కొడుకు పదో తరగతి రెండుసార్లు తప్పాక కళ్ళజోళ్ళ అంగడిలో పెట్టాడు. అక్కడ పన్నెండేళ్ళు అద్దాలు సానబట్టాడు గిద్యోను. అద్దం వంపు ఎక్కడ చెడిందో బొటనవేలితో తడిమి చెప్పేవాడు. తరవాత చెన్నై నుంచి సిద్ధంగా తయారైన అద్దాలు రావడం మొదలై అంగడి మూతబడింది. పరీక్షశాలలో ఊడ్చి తుడిచే మనిషి కావాలంటే వెళ్ళి చేరాడు. ఒకరోజు పాలిష్ పట్టే మనిషి రాలేదు. పరీక్షకు పెట్టాల్సిన ముక్క మీద గీత పోవడం లేదని ఇంజినీర్లు విసుక్కుంటుంటే, చీపురు గోడకు ఆనించి, "నేను చూడనా సార్?" అన్నాడు. ఆ తరవాత ఆయన చేత చీపురు ఎవరూ పట్టించలేదు.

ఆ పరీక్షశాలలో మూడు గదులు ముఖ్యం. మొదటి గదిలో చిటికెనవేలంత కడ్డీని రెండు దవడల మధ్య పట్టి, తెగేదాకా లాగుతారు. తెగినప్పుడు టపాకాయ పేలినట్టు చప్పుడవుతుంది. రెండో గదిలో వజ్రపు మొనతో లోహాన్ని నొక్కి, పడిన గుంటను సూక్ష్మదర్శినిలో కొలుస్తారు. ఆ గుంట మన వెంట్రుక మందం కంటే కాస్త చిన్నది. మూడో గదిలోనూ వజ్రపు మొనే, కాని అది వెంట్రుక మందంలో మూడువందలో వంతు లోతు కూడా దిగదు. ఎంత బరువుకు ఎంత దిగిందో కంప్యూటరు గీత గీస్తుంది. పెద్దగా లాగినప్పుడు ముక్క మొత్తం కలిసి ఒక జవాబు ఇస్తుంది. అంత చిన్నగా నొక్కినప్పుడు నొక్కిన చోటు ఒక్కటే జవాబు ఇస్తుంది. రెండు జవాబులూ ఒకటే కానక్కర్లేదు. టైటానియం మిశ్రమాల విషయంలో అవి తరచుగా ఒకటి కావు. అందుకే మూడు గదులు.

మూడో గదిలో బల్ల గాలి మీద తేలుతూ ఉంటుంది, నేల అదురు అంటకుండా. అయినా గూడ్సు బండి వెళితే కంప్యూటరు మీద గీత వణికేది. నెల్లూరు నుంచి రోజూ రైల్లో వచ్చే ప్రత్యూష అనే అమ్మాయి ఆ గదికి ఇంజినీరుగా కొత్తగా చేరినప్పుడు, రీడింగులు ఎందుకు ఎగురుతున్నాయో తెలియక మిషను బాగుచేసే వాళ్ళకు ఉత్తరాలు రాస్తూ కూర్చుంది. చిన్నాయన గుమ్మంలో నిలబడి చెప్పాడు.

"అమ్మా, ఒక ఆరు నిమిషాలు ఆగి నొక్కండి. గూడ్సు వస్తాంది."

"మీకెట్లా తెలుసన్నా? హారన్ కూడా వినబళ్ళేదే!"

"కాళ్ళకి తెలస్తాదమ్మా."

ఆ అమ్మాయి గడియారం చూసుకుంది. అయిదు నిమిషాలకు బండి వచ్చింది. అప్పటినుంచి రోజూ ఏ వేళల్లో నొక్కవచ్చో చిన్నాయనే చెప్పేవాడు. ప్రత్యూష ఆయనను గౌరవంగా చూసేది. లోహం సంగతులు విడమరిచి చెప్పేది. టైటానియానికి ఎర్రగా కాలినప్పుడు గాలి తగలకూడదని, తగిలితే పైచర్మం గాలిని పీల్చుకుని గట్టిపడి, పెళుసై, చిట్లుతుందని ఆయనకు చెప్పింది ఆమే.

పాలిష్‌లో ఉన్న చిక్కు కూడా చెప్పాలి. అంత చిన్నగా నొక్కాలంటే ముక్క అద్దంలా ఉండాలి. అద్దంలా చేయడానికి గట్టిగా రుద్దితే ఆ ఒత్తిడికే లోహం పైపొర బిగుసుకుంటుంది. అప్పుడు మిషను చెప్పేది లోహం గట్టిదనం కాదు, రుద్దిన చేతి మొరటుదనం. చిన్నాయన ఎమరీ కాగితం మీద రెండు వేళ్ళతో ముక్కను పట్టి, కాగితం మార్చినప్పుడల్లా ముక్కను అడ్డానికి తిప్పి, కిందటి గీతలు పూర్తిగా చెరిగాకే తరవాతి కాగితానికి పోయేవాడు. చివర బట్ట మీద మెరుగుపెట్టే మందు వేసి గంటల తరబడి తిప్పేవాడు. ఆ వేళ్ళ బరువు ఎంతో ఆయన ఎవరికీ చెప్పలేకపోయాడు. నేర్చుకోవడానికి వచ్చిన ఇద్దరు ముగ్గురికి, "నిద్రపోయే బిడ్డ కన్ను తుడిచినట్టు" అన్నాడట. వాళ్ళకు పెళ్ళిళ్ళు కాలేదు, అర్థం కాలేదు.

ఎనిమిదేళ్ళ కింద తనిఖీకి వచ్చిన ఒక పెద్దమనిషి, ముక్క చూసి, దీన్ని ఎవరు తయారుచేశారు, ఆ పేరు రిపోర్టులో ఎందుకు లేదు అని అడిగాడు. అప్పటినుంచి ప్రతి రిపోర్టు చివర 'నమూనా తయారీ' అని ఒక గడి, అందులో ఎస్. గిద్యోను అని పేరు. మొదటి రిపోర్టు జిరాక్సు ఇంటికి తెచ్చి చిన్నమ్మకు చూపించాడు. ఓటరు కార్డులోనూ, రేషను కార్డులోనూ తప్ప అచ్చులో ఆయన పేరు పడింది అక్కడే. దాని గురించి ఆయన ఎప్పుడూ గొప్పగా మాట్లాడలేదు. కాని ఆయనకు ఉన్న ఆస్తి అదే అని మా ఇంట్లో అందరికీ తెలుసు.

రెండేళ్ళ కిందట చికున్‌గున్యా వచ్చి పోయింది. జ్వరం వారంలో పోయింది గాని వేళ్ళ కీళ్ళల్లో వాపు మిగిలింది. పొద్దున లేచేసరికి పిడికిలి ముడుచుకునేది కాదు. వేడినీళ్ళలో పెట్టుకుంటే తొమ్మిదింటికల్లా సరిపోయేది. చిన్నాయన చేసిన పొరపాటు ఏమన్నా ఉంటే ఇదొక్కటే. మేనేజరు హరినాథ్ దగ్గరికి తనే వెళ్ళి చెప్పాడు.

"సార్, పొద్దన పూట నా ఏళ్ళు మాట వినట్లా. సన్నపాటి పనులు పదింటి మీద పెట్టుకుంటాను."

"అట్నే కానీ గిద్యోనూ, దాందేముంది" అన్నాడు హరినాథ్. చిన్నాయన వేళ్ళ మాట మాత్రం హరినాథ్ మరిచిపోలేదు.

కిందటి మార్చిలో ఒక ప్రైవేటు కంపెనీ నుంచి సరుకు వచ్చింది. ఉపగ్రహాల్లో వాడే గ్యాసు తొట్ల కోసం చేసిన టైటానియం డిప్పలు. రెండు డిప్పలు కలిపి అతికితే ఒక గుండ్రటి తొట్టి. వాటిని గాలి లేని కొలిమిలో కాల్చి చల్లార్చినప్పుడు, పక్కనే అదే లోహం బిళ్ళ ఒకటి పెడతారు. డిప్పలకు ఏం జరిగితే బిళ్ళకూ అదే జరుగుతుంది. డిప్పలను కోయకుండా బిళ్ళను పరీక్షించి సంగతి తెలుసుకోవచ్చు. దాన్ని సాక్షి ముక్క అంటారు. కొలిమిలో పెట్టిన ప్రతిసారికీ ఒకటే వస్తుంది.

డిప్పలతో పాటు వచ్చిన కడ్డీని మొదటి గదిలో లాగారు, బాగుంది. తెగిన కడ్డీ నడిమధ్యలో కోసి రెండో గదిలో నొక్కారు, బాగుంది. సాక్షి ముక్క పైభాగాన్ని మూడో గదిలో నొక్కాలి. గట్టిదనం అంకె నాలుగున్నర రావాల్సిన చోట ఏడు వచ్చింది.

ప్రత్యూష పది చోట్ల నొక్కింది. పదిచోట్లా ఏడు.

"అన్నా, రైలేమన్నా పోయిందా?"

"లేదమ్మా. మూడున్నరదాకా ఏం లేదు." చిన్నాయన సాక్షి ముక్కవైపు చూపించాడు. "నాకు ఎమరీ కాగితం మీదనే తెలిసిందమ్మా. ఈ ముక్క జారింది. మామూలు ముక్క కాగితాన్ని పట్టుకుంటాది. ఇది పట్టుకోలా. కొలిమిలోకి గాలి పోయినట్టుంది."

ఇద్దరూ హరినాథ్ గదికి వెళ్ళారు. ఆయన మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు.

"మూడు పరీక్షల్లో రెండు బాగుండాయి. మూడోది ఒక్కటే చెడిపోయింది. అంటే చెడిపోయింది మూడో పరీక్ష. ముక్క గాదు."

"సార్, ఆ రెండూ లోపల్ని అడిగినాయి" అన్నాడు చిన్నాయన. "కడ్డీని చర్మం తీసేసినాకే గదా చేస్తారు. లోపల్ని అడిగితే లోపలి సంగతి చెప్తాది. చర్మం సంగతి ఇదొక్కటే చెప్తాంది."

హరినాథ్ ఆయన చేతులవైపు చూశాడు. "ఎన్ని గంటలకి పాలిష్ పట్టినావు గిద్యోనూ?"

"పదిన్నరకి సార్."

"ఏళ్ళు మాట విన్నాయా?"

చిన్నాయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ప్రత్యూష కిటికీలోంచి బయటికి చూసింది.

"ఇంకోసారి పట్టు. ఈసారి మెత్తగా" అన్నాడు హరినాథ్.

నిజం చెప్పాలంటే ఆ రోజు చిన్నాయనకే అనుమానం వచ్చింది. వాచిన వేళ్ళ బరువు తనకు తెలియకుండా పెరిగిందేమో అనుకున్నాడు. అందుకని రెండోసారి పట్టినప్పుడు, అంతకుముందు ఏడాది బాగుందని తేలిన పాత ముక్క ఒకటి తెచ్చి, దాన్నీ దీన్నీ పక్కపక్కన, ఒకే కాగితం మీద, ఒకే లెక్కన రుద్దాడు. ప్రత్యూష రెండింటినీ నొక్కింది. పాత ముక్క నాలుగున్నర చూపించింది. సాక్షి ముక్క ఆరున్నర.

"చెయ్యి బాగుందన్నా" అంది ప్రత్యూష.

పందొమ్మిదేళ్ళలో ఆ మాట ఆయనకు అంత అవసరమైన రోజు లేదు. చిన్నాయన ఇంటికొచ్చి రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడని చిన్నమ్మ చెప్పింది.

మర్నాడు హరినాథ్ పాత ముక్క కాగితాన్ని పక్కకు నెట్టేశాడు. "దాని సంగతి వేరు, దీని సంగతి వేరు. అది ఎప్పుడో తయారైన ముక్క, ఊరికే మెరుగు పెట్టినావు. ఏడు ఆరున్నరకి దిగింది గదా? మెత్తగా పడితే దిగతా ఉంది. ఇంకోసారి పట్టు."

మూడోసారి అయిదున్నర వచ్చింది.

అప్పుడు చిన్నాయన చేసిన పని ఆ పరీక్షశాలలో ఆయన అంతవరకు చేయనిది. పిలవకుండా మేనేజరు గదిలోకి వెళ్ళాడు. ప్రత్యూష వెనకాలే వచ్చింది.

"సార్, నేను గట్టిగా రుద్దుంటే రుద్దినప్పుడల్లా అదే ఏడు రావాల. దిగతా ఉందంటే నేను పొర తీసేస్తా ఉండాను. పట్టిన ప్రతిసారీ పది మైక్రాన్లు పోతాంది, కొలిచి రాసినాను చూడండి. గట్టి చర్మం ముప్పై మైక్రాన్లో ముప్పై అయిదో ఉంటాది. ఇంకోసారి పడితే మొత్తం పోతాది. సాక్షి ముక్కలో సాక్ష్యమే ఉండదు సార్."

"అయితే ఏం చెయ్యమంటావు?"

"అడ్డంగా కోద్దాం సార్. అంచుని కోసి పక్కనుంచి నొక్కితే, పైనుంచి లోపలికి ఎంత దూరం గట్టిగా ఉందో మెట్లు మెట్లుగా కనబడిపోతాది. రుద్దేదాంట్లో నా చెయ్యి తప్పుందో లేదో కూడా తెలిసిపోతాది."

హరినాథ్ ప్రత్యూషను చూశాడు. "ఏమ్మా, నువ్వేమంటావు?"

ఆ అమ్మాయి, "అడ్డకోత చూస్తే మంచిదే సార్" అంది. అని, వెంటనే, "టైముంటే" అని కలిపింది.

"టైమెక్కడుంది? కొయ్యాల, దిమ్మలో బిగించాల, మళ్ళా పాలిష్ పట్టాల. రెండు రోజులు. ఎల్లుండి డిప్పలు అతికేదానికి పోవాల. పైగా ముక్క ఒకటే. కోసినాక ఏం లేదని తేలితే, పాడుచేసినారని మన మీద పడతారు." హరినాథ్ కుర్చీలో వెనక్కి వాలాడు. గొంతు పెంచలేదు. "గిద్యోనూ, నువ్వు ఇంజినీరువా?"

"కాద్సార్."

"నేను ఇంజినీర్ని. ఈ అమ్మాయి డాక్టరేటు. మేమిద్దరం ఉండంగా కొలిమిలో గాలి పోయిందని నువ్వు చెప్తుండావు. కొలిమిని యాడన్నా చూసినావా నువ్వు?"

"లేద్సార్. ముక్కని చూసినాను."

"ఇంకోసారి పట్టు. పొద్దన పూట వొద్దు, మధ్యాహ్నం పట్టు. మెత్తగా."

నడవాలో ప్రత్యూష ఆయనను ఆపింది. "నేను చెప్పి చూశానన్నా."

"చూసినావమ్మా."

"మీరు పట్టకపోతే సార్ ఎట్లాగూ చెన్నై పంపించి మిషను మీద పట్టిస్తాడు. అప్పుడు మీ పేరు కూడా ఉండదు."

ఆ మాట ఆమె మేలు కోరే అన్నదని చిన్నాయన ఇప్పటికీ అంటాడు. చిన్నమ్మ ఒప్పుకోదు.

మర్నాడు పొద్దున నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. చిన్నాయన పెరట్లో స్టూలు మీద కూర్చుని, గిన్నెలో వేడినీళ్ళు పోసుకుని చేతులు పెట్టుకున్నాడు. చిన్నమ్మ అంట్లు తోముతోంది.

"చెయ్యనని చెప్పు" అంది. "నోట్లో నాలిక లేదా నీకు?"

"చెయ్యనంటే చేతగాక చెయ్యనన్నాడంటారు."

"చెయ్యి మరి."

"చేస్తే రీడింగు దిగతాది. దిగితే ఏమంటారు? ఇప్పుడు మెత్తగా పట్టినాడు, దిగింది. అంటే ముందు మూడుసార్లూ మొరటుగా పట్టినాడు. నా చెయ్యి తప్పని నేనే నా చేత్తో చూపించినట్టు."

చిన్నమ్మ చేతిలో పీచు ఆగిపోయింది. "పోనీ కావాలనే గట్టిగా రుద్దు. ఏడు రానీ."

"అట్టా రుద్దడం నాకు రాదే" అన్నాడు.

"ఇరవై ఏళ్ళు పనిచేసి ఒక్క మొరటు పని నేర్చుకోకపోతివి" అంటూ ఆమె మళ్ళీ గిన్నె తోమడం మొదలుపెట్టింది. నేను నవ్వబోయి ఆగాను. ఆయన నీళ్ళు చల్లారేదాకా చేతులు తీయలేదు.

మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టాడు. అన్ని కాగితాలూ, అన్ని బట్టలూ, ఎప్పటిలాగే. దొంగపని చేయలేదు, తొందరపడలేదు. రెండో కాగితం మీద ఉండగా ముక్క జారడం ఆగింది. కాగితాన్ని పట్టుకుంది. అప్పుడే తెలిసిపోయిందని, అక్కడే ఆపి మిగిలింది దాచిపెట్టాలనిపించిందని, కాని మిగిలింది ఏమీ లేదని తరవాత చెప్పాడు. ఆ చర్మం బల్ల మీద నీళ్ళలో కలిసి, బూడిద రంగు బురదగా, కాలవలోకి పోయింది.

ప్రత్యూష నొక్కింది. నాలుగు పాయింట్ ఆరు.

హరినాథ్ స్వయంగా మూడో గదికి వచ్చి చూశాడు. చిన్నాయన భుజం తట్టాడు. "చూసినావా? మెత్తగా పడితే వచ్చింది. ముందే పట్టుంటే నాలుగు రోజులు మిగిలేవి." కోపంగా అనలేదు. పక్కనున్న వాళ్ళతో, "పెద్దాయన. చేతి ఏళ్ళు సహకరించట్లా. మనమే చూసుకోవాల" అన్నాడు.

రిపోర్టులో నాలుగోసారి వచ్చిన అంకె ఒక్కటే వేశారు. చివర గడిలో ఎస్. గిద్యోను అని ఉంది. అదే ఆఖరుసారి. మే నెలలో దానంతటదే పాలిష్ పట్టే మిషను వచ్చింది. గడిలో మిషను నంబరు వేయడం మొదలుపెట్టారు. చిన్నాయనను కడ్డీలు కోసే చోటికి మార్చారు. మందిరంలో ఎవరో, "రాకెట్ గిద్యోనూ, మొన్నటి రాకెట్లో నీ ముక్క ఉందా?" అని అడిగితే, "నాదేం లేదన్నా" అన్నాడు. చిన్నమ్మ ఆ రోజు ఎగతాళి చేయలేదు.

సెప్టెంబరులో అతికిన తొట్లకు నీళ్ళు పోసి ఒత్తిడి పెట్టి చూస్తుంటే ఒకటి చిట్లింది. కంపెనీ వాళ్ళు చిట్లిన చోట అడ్డంగా కోశారు. పైచర్మం ముప్పైరెండు మైక్రాన్లు గట్టిపడి ఉంది. కొలిమి తలుపు రబ్బరు దగ్గర గాలి కారిందని వాళ్ళే ఒప్పుకున్నారు. మరి సాక్షి ముక్క బాగుందని మీరెట్లా రాశారు అని పరీక్షశాలకు ఉత్తరం వచ్చింది.

విచారణకు కంపెనీ తరఫున తెల్లచొక్కా పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. ఒక పక్క హరినాథ్, ఒక పక్క ప్రత్యూష. చిన్నాయనను పిలిచి కుర్చీ వేశారు. ఆయన కూర్చోలేదు.

"ఈ ముక్కను పాలిష్ పట్టింది మీరేనా?"

"నేనే సార్."

"ఎన్నిసార్లు?"

"నాలుగు సార్లు."

"పద్ధతి ప్రకారం ఎన్నిసార్లు పట్టాలి?"

"ఒక్కసారి సార్."

"పట్టినప్పుడల్లా పది మైక్రాన్లు పోతాయని మీకు తెలుసా?"

"తెలుసు సార్. కొలిచి రాసినాను. సార్‌కి చెప్పినాను, అడ్డంగా కోద్దామని."

పెద్దమనిషి హరినాథ్‌ను చూశాడు. హరినాథ్ తల అడ్డంగా ఊపాడు. "ఇట్టాంటి మాట రాతపూర్వకంగా ఏం రాలేదు సార్. గీతలు పోలేదని అతనే మళ్ళా మళ్ళా పట్టినట్టుండాడు. చేతులకి జబ్బు చేసినాక కొంచెం చాదస్తం ఎక్కువైంది."

చిన్నాయన ప్రత్యూష వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వుండావు గదా."

ప్రత్యూష ముందున్న కాగితాలు సర్దింది. "పాలిష్ మళ్ళీ పట్టాలని అనుకున్నాం సార్. ఎవరు అన్నారో సరిగ్గా గుర్తులేదు. అడ్డకోత మాట వచ్చిందేమో. నేను రాసుకోలేదు."

"మొదటి రీడింగు ఏడు వచ్చిందా?" అని పెద్దమనిషి కంప్యూటరు రికార్డు తిరగేస్తూ ఆమెను అడిగాడు.

"వచ్చింది సార్."

"అది సరైన రీడింగే కదా?"

ఆమె కాగితాల్లోంచి తల ఎత్తకుండా, "సరైనదే" అంది.

అంతే. చిన్నాయనను బయటికి పొమ్మన్నారు.

పది రోజులకు పరీక్షశాల నుంచి ఇంగ్లీషులో రెండు పేజీల ఉత్తరం వచ్చింది. చిన్నాయన దాన్ని నాకు ఇచ్చి ఎదురుగా కూర్చున్నాడు. చిన్నమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడింది. నేను వాక్యం తరవాత వాక్యం తెలుగులో చెప్పాను. ఫలానా సాక్షి ముక్కపై మొదటిసారి నమూనా తయారీ నిర్దుష్టంగా ఉందని, దానిపై వచ్చిన రీడింగు వాస్తవమని, ఆ తరవాత సదరు గిద్యోను పద్ధతికి విరుద్ధంగా అదే ముక్కను పదేపదే పాలిష్ పట్టి, లోపం కనబడే పొరను పూర్తిగా తొలగించాడని, ఇది తీవ్రమైన నిర్లక్ష్యమని, అందువల్ల వచ్చే నెల మొదటి తేదీ నుంచి అతని సేవలు అవసరం లేదని. కింద హరినాథ్ సంతకం.

"మొదటిది ఇంకోసారి చదువు" అన్నాడు చిన్నాయన.

"మొదటిసారి నమూనా తయారీ నిర్దుష్టంగా ఉంది."

"నిర్దుష్టం అంటే?"

"ఏ తప్పూ లేకుండా, చిన్నాయనా."

"ఇంగ్లీషులో ఏ లైను అది?"

వేలు పెట్టి చూపించాను. ఆయన చదవలేడు కాని, ఆ వరస మీద తన వేలు పెట్టి ఒక చివరనుంచి ఇంకో చివరకు జరిపాడు.

"అంటే ఏంది?" అంది చిన్నమ్మ. "మెచ్చుకున్నారా, తీసేసినారా?"

"తీసేసినారు."

"మరి చెయ్యి మంచిదేనని రాసినారు గదా?"

"రాసినారు."

"రెండూ ఒకే కాగితంలోనా?"

నేను అవునన్నాను. ఆమె వచ్చి ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని, తిరగేసి, వెనకవైపు కూడా చూసింది. వెనక ఏమీ లేదు.

"ప్రత్యూష పేరు యాడన్నా ఉందా?" అని అడిగాడు చిన్నాయన.

"లేదు."

"మంచిదేలే. చిన్నపిల్ల." చిన్నమ్మ దగ్గర ఉత్తరం తీసుకుని మడిచాడు. "దీనికి జవాబు రాయాలంటనా?"

"ఏడు రోజుల్లో రాయొచ్చని ఉంది. నేను రాసిపెడతాను. జరిగింది జరిగినట్టు, మీరు చెప్పండి."

కలం తీసుకుని కూర్చున్నాను. ఆయన కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చున్నాడు.

"వాళ్ళు రాసింది తప్పు అని రాయాల గదా" అన్నాడు చివరికి. "నాలుగుసార్లు పట్టినాననేది నిజం. పొర తీసేసినాననేది నిజం. మొదటిసారి బాగా పట్టినాననేది నిజం. ఇందులో అబద్ధమని దేన్ని రాస్తాం పాపా?"

"ఎవరు పట్టమన్నారో రాద్దాం."

"పట్టమన్నాడు. పట్టింది ఎవరు?"

నేను కలం మూత పెట్టాను. చిన్నమ్మ మాత్రం, "రాయించు. ఊరకుంటే నిర్లక్ష్యం అనే మాట నీ పేరు పక్కనే ఉండిపోతాది" అంది.

ఆయన తల ఊపి పెరట్లోకి వెళ్ళాడు. ఏడు రోజులూ గడిచాయి. రోజూ సాయంత్రం నేను కాగితం తీసుకుని వెళ్ళేదాన్ని. రోజూ ఆయన, "రేపు చూద్దాంలే" అనేవాడు. ఎనిమిదో రోజు నేను వెళ్ళేసరికి చిన్నమ్మ ఒక్కతే ఉంది. ఆయన తడ దగ్గర రొయ్యల మేత గోడౌన్లో పని అడగడానికి పొద్దున బస్సెక్కాడని చెప్పింది. అక్కడ సంచులు కుట్టే పని ఖాళీ ఉందట.

"ఇప్పుడే ఫోను చేసినాడు. చేతులు చూపించమన్నారంట" అంది. "వాపు చూసి, బరువులు మొయ్యగలవా అని అడిగినారంట. మోస్తానని చెప్పినాడంట."